అవును, తేనెటీగలకు పంచదార పెడుతున్నాం

అందరికీ నమస్కారం. చేవెళ్ల వైపు తోటలో ఉన్న మా తేనెటీగల పెట్టెలు చూడటానికి వచ్చినవాళ్లలో ఒకరు లోపల పంచదార పాకం సీసా చూసి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అప్పటి నుంచి ఫోన్ ఆగడం లేదు. "మీరు కూడా అంతేనా, తేనెలో పంచదార కలుపుతారా అన్నా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

ఫొటో నిజమే. వానాకాలంలో పెడతాం. ఉగాదికి వేప పూత, ఆ వెనకే కానుగ పూత ఉన్నన్నాళ్లు ఈగలకు పండగే. జూన్ వచ్చేసరికి అవన్నీ అయిపోతాయి. ముసురు పట్టిందంటే ఈగ బయటికి పోలేదు, పోయినా దొరికేది అంతంతే. ఒక్కో పెట్టెలో వేల ఈగలు ఉంటాయి. నిల్వ ఖాళీ అయితే పట్టు పట్టంతా ఆకలితో చస్తుంది.

"మరి వాటి తేనె వాటికే వదిలేయొచ్చుగా?" అని తార్నాక నుంచి ఒక అక్క అడిగారు. న్యాయమైన ప్రశ్న. పిల్లలు పెరిగే కింది గదిలోని తేనె మేం ముట్టుకోం, పై గదిలోదే తీస్తాం. అదీ వదిలేస్తే పాకం అవసరం చాలావరకు తగ్గుతుంది. కానీ అప్పుడు నాకు అమ్మడానికి ఏమీ మిగలదు. ఇందులో నా వ్యాపారం లెక్క ఉంది, దాచడం దేనికి?

ఆ పాకం మీ సీసాలోకి రాకూడదు, అసలు సంగతి అది. ఎండాకాలం ఆఖరి తేనె తీయగానే పై గదులు దించేస్తాం. పాకం ఆ తర్వాతే, కింది గదికి మాత్రమే. మళ్లీ పూతలు వచ్చి, పాకం ఆపేశాకే పై గది ఎక్కిస్తాం.

పెట్టేది కూడా చీకటి పడుతుండగానే. పగలు ఒక్క చుక్క కింద పడినా పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి, ఇక ఆ రోజంతా టెన్షనే. సీసా మూతకు మేకుతో సన్నటి చిల్లులు కొట్టి బోర్లిస్తే, ఒక్కో చిల్లు దగ్గర నాలుగైదు ఈగలు చేరి నాలుకలు పైకి చాచి తాగుతుంటాయి. స్టాండు కాళ్ల కింద మీరు చూసిన నీళ్ల గిన్నెలు చీమలు ఎక్కకుండా.

గ్రూపులో ఒకరు "నేను నీళ్లలో వేసి చూశా, కరగకుండా అడుక్కి పోయింది, మంచి తేనే" అని మా తరఫున మాట్లాడారు. థాంక్స్ అండీ, కానీ చిక్కటి పాకం కూడా అలాగే అడుక్కి పోతుంది. తేనెలో ముంచిన అగ్గిపుల్ల వెలిగితే మంచి తేనె అనే పరీక్ష కూడా అంతే. చెరకు పంచదార కలిసిందో లేదో తేల్చేది ల్యాబు ఒక్కటే.

ఇక స్టాకు. కానుగ తేనె అరకిలో సీసాలు కొన్నే ఉన్నాయి. అవి అయిపోతే చలికాలం దాకా లేనట్టే. బయట కొని మన లేబుల్ అంటిద్దామని సలహా ఇచ్చినవాళ్లున్నారు, అది నా వల్ల కాదు. అడ్వాన్సు ఇచ్చినవాళ్లు అడిగితే డబ్బు వెనక్కి వేస్తాను.

చలి మొదలయ్యాక కుంకుడు పూత మీద ఆశ ఉంది. తాండూరు వైపు కంది చేలకు పెట్టెలు తీసుకెళ్లాలనీ ఉంది కానీ, సరిగ్గా పూత మీదే కాయతొలుచు పురుగుకు మందు కొడతారు. ఏ రోజు కొడతారో ముందే చెప్పే రైతు దొరికితేనే వెళ్తాను. మీకు అటువైపు తెలిసినవాళ్లుంటే చెప్పండి.

పెట్టెలు చూడాలనుకునేవాళ్లు ఎప్పుడైనా రావచ్చు, ఫొటోలూ తీసుకోవచ్చు. సెంటు కొట్టుకుని, నల్ల బట్టలు వేసుకుని మాత్రం రాకండి.