పెళ్ళి ఫోటోలు తీసేవాడు కూడా అమ్మాయి వయసు అడగాలని రూల్ పెట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది పల్నాడు జిల్లాలో ఒక చిన్న టౌను. 2001 నుంచి ఇక్కడే ఫోటో స్టూడియో నడుపుతున్నా. యాషికా కెమెరాలో 36 ఫోటోల రీలు వేసుకుని ఒక్కో ఫోటోకి ఆలోచించి బటన్ నొక్కిన రోజుల నుంచి ఒక్క పెళ్ళికి మూడు నాలుగు వేల ఫోటోలు తీసే రోజుల దాకా చూశాను. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, స్కూల్ గ్రూప్ ఫోటోలు, పాస్‌పోర్ట్ ఫోటోలు, చనిపోయినోళ్ళ ఫోటో పెద్దది చేసి ఫ్రేము కట్టివ్వడం, మా చుట్టుపక్కల ఊళ్ళవి చాలావరకు మా స్టూడియోలోనే.

బాల్య వివాహాన్ని అడ్డుకున్న అధికారులు అని మీ పేపర్లో జిల్లా పేజీలో వార్త వస్తే చదివి సంతోషిస్తాను. కానీ ఆగిన ఆ ఒక్క పెళ్ళి పక్కన ఆగకుండా జరిగిపోయినవి ఎన్నో మా ఫోటోగ్రాఫర్లకి తెలుసు, ఎందుకంటే అక్కడ కెమెరా పట్టుకుని నిలబడింది మేమే. ఇది రాయాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నా.

కొన్నేళ్ళ కిందట ఒక హైస్కూల్‌కి వెళ్ళి వరండాలో నీలం గుడ్డ కట్టి టెన్త్ పిల్లలందరికీ నామినల్ రోల్స్ కోసం, అంటే పరీక్ష రాసేవాళ్ళ జాబితా కోసం, ఫోటోలు తీశాను. తర్వాత వైశాఖంలో ఒక రాత్రి ముహూర్తం ఆర్డర్ వచ్చింది, గుడి దగ్గర పెళ్ళి, మనుషులు కూడా పెద్దగా లేరు, లైట్లు సెట్ చేసుకుని పెళ్ళికూతురి క్లోజప్ కోసం దగ్గరికి వెళ్తే ఆ పిల్ల తలెత్తి "అంకుల్, మా స్కూల్‌కి వచ్చింది మీరే కదా, నాకు 487 వచ్చినయ్" అంది. రిజల్ట్స్ వచ్చి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. పీటల మీద కూర్చుని మార్కులు చెప్పింది సార్ ఆ పిల్ల. నేను ఏం మాట్లాడకుండా జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా మొత్తం తీసేశాను. ఆల్బమ్ డిజైన్ చేసేటప్పుడు వాళ్ళ మేనమామ వచ్చి అమ్మాయి కాస్త పెద్దదానిలా కనపడేట్టు చెయ్యి అన్నాడు, అదీ చేశాను. నా హార్డ్ డిస్క్‌లో ఆ పిల్ల స్కూల్ ఫోటో, పెళ్ళి ఫోటో రెండూ ఉన్నాయి, రెండు ఫోల్డర్ల తేదీల మధ్య ఆరు నెలలు లేవు. ఆ రోజు నేను చేసింది తప్పు.

అలాంటి పెళ్ళి మాకు ముందే తెలిసిపోతుంది. శుభలేఖ ఉండదు, ఊళ్ళో ఫ్లెక్సీ కట్టరు, రేటు దగ్గర బేరం ఆడరు, లైవ్ వద్దంటారు, స్టేటస్‌లో ఒక్క ఫోటో కూడా పెట్టొద్దని రెండు మూడుసార్లు చెప్తారు. ఓణీల ఫంక్షన్ ఆల్బమ్ ఇచ్చి రెండేళ్ళు తిరక్కుండా అదే ఇంటి నుంచి పెళ్ళికి అడ్వాన్స్ వస్తే ఇంక ఎవరూ వయసు చెప్పక్కర్లేదు. కొందరు మళ్ళీ రెండు మూడేళ్ళకి వస్తారు, అప్పటికి అమ్మాయికి పద్దెనిమిది నిండుతాయి, పెళ్ళి రిజిస్ట్రేషన్‌కి ఫోటో కావాలి, శుభలేఖ కావాలి, అందుకని కొత్త తేదీతో శుభలేఖ కొట్టించి స్టూడియోలో మళ్ళీ దండలు వేసుకుని ఫోటో దిగుతామంటారు. ఒకసారైతే చంకలో బిడ్డని పక్కన ఎవరికో ఇచ్చి దండ వేసుకోబోయింది ఒకమ్మాయి. ఆ పని నేను చెయ్యనని పంపేశాను, ఇంకెక్కడో తీయించుకునే ఉంటారు.

2006 చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. బాల్య వివాహం జరిపించినా, దానికి తోడ్పడినా రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. చట్టం అలా ఉన్నా 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రాలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 29 మందికి 18 నిండకుండానే పెళ్ళయిందని తేలింది, దేశం మొత్తం మీద ఆ లెక్క 23. మన కంటే వెనకబడ్డాయని మనం అనుకునే రాష్ట్రాలు కొన్ని ఇందులో మన కంటే మెరుగ్గా ఉన్నాయి, నాకు ఇది చాలా అవమానంగా అనిపిస్తుంది.

మరి మీరే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు కదా అని అడుగుతారు. నాకు తెలిసిన ఒక ఫోటోగ్రాఫర్ చేశాడు. పెళ్ళి ఆగింది. సాయంత్రానికల్లా ఫోన్ చేసింది ఎవరో ఆ ఇంటికి తెలిసిపోయింది, ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. షాపు మీదకి వచ్చి లెన్స్ పగలగొట్టారు, అది కొనడానికి అతను తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. ఆ ఊరి నుంచే కాదు, ఆ కులపోళ్ళున్న చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా అతనికి ఆర్డర్లు ఆగిపోయాయి. మా బతుకంతా సీజన్ మీదే, మూఢం వచ్చినా ఆషాఢం వచ్చినా ఖాళీ, ఆ నాలుగు మంచి ముహూర్తాల్లో సంపాదించిందే ఏడాదంతా తినాలి. ఫోన్ చేసినవాడి పేరు బయటికి వస్తే ఇంకోసారి ఎవరు చేస్తారు చెప్పండి.

ఒక్కడినే వయసు అడిగితే ఏమవుతుందో కూడా నాకు అనుభవమే. ఆ తర్వాత నుంచి ఆర్డర్ తీసుకునేటప్పుడు అమ్మాయి టెన్త్ మెమో అడగడం మొదలుపెట్టాను. మా మీద అనుమానమా అని లేచి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు, అంతా సక్రమంగా ఉన్నవాళ్ళు కూడా ఫీలయ్యారు. బయటికి వెళ్తే రోడ్డుకి అటువైపు ఇంకో స్టూడియో ఉంది, అక్కడ ఎవరూ ఏమీ అడగరు. అందుకే నేను కోరేది ఏంటంటే ఇది ఒక్కొక్కరి మంచితనానికి వదిలేయకుండా కలెక్టర్ గారు జిల్లా మొత్తానికి ఒక ఆర్డర్ ఇవ్వాలి. శుభలేఖలు కొట్టే ప్రెస్సు, ఫంక్షన్ హాలు, షామియానా, వంటవాళ్ళు, పంతులు గారు, పాస్టర్ గారు, ఖాజీ గారు, మేము, అందరం అడ్వాన్స్ తీసుకునేటప్పుడే వయసు రుజువు జిరాక్స్ తీసుకుని దగ్గర పెట్టుకోవాలి. అందరూ అడుగుతుంటే సిమ్ కార్డుకి ఆధార్ అడిగినట్టే అయిపోతుంది, ఎవరూ తప్పు పట్టుకోరు. రుజువు అంటే టెన్త్ మెమోనో బర్త్ సర్టిఫికెట్టో అయ్యుండాలి, ఆధార్ మాత్రం వద్దు, అది పుట్టిన తేదీకి రుజువు కాదని ఆధార్ ఇచ్చే సంస్థే చెప్పింది.

పెళ్ళి ఆపాక ఏం జరుగుతుందో కూడా రాయాలి. అధికారులు వస్తారు, అమ్మానాన్నల చేత కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, ఫోటో తీసుకుని వెళ్తారు. పది రోజులు ఆగి బంధువుల ఊళ్ళో అదే పెళ్ళి చేస్తారు, ఈసారి ఫోటోగ్రాఫర్‌ని కూడా పిలవరు, సెల్‌ఫోన్లోనే తీసుకుంటారు. ఆ తల్లిదండ్రులంతా దుర్మార్గులేం కాదు. మిర్చి కోతలకి మొగుడూ పెళ్ళాం ఊరొదిలి వెళ్తారు, టెన్త్ అయిపోయిన పిల్లని ఇంట్లో ఒక్కదాన్నే ఎక్కడ పెట్టాలి, జూనియర్ కాలేజీ టౌన్లో ఉంటది, బస్సు పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి. చదువుకోడానికి వెళ్ళి ఎవరితోనన్నా వెళ్ళిపోతదేమోనని భయం. అందుకని పెళ్ళి ఆపిన రోజే ఆ పిల్లకి కస్తూర్బా విద్యాలయం లాంటి హాస్టల్ ఉన్న చోట ఇంటర్ సీటు చేతిలో పెట్టాలి, 18 నిండేదాకా రెండు నెలలకొకసారైనా ఎవరో ఒకరు వెళ్ళి పిల్లని చూసి రావాలి, తల్లిదండ్రులతో కాదు, పిల్లతో మాట్లాడాలి. ఆ 487 మార్కుల పిల్లకి అప్పుడు ఆ సీటు దొరికి ఉంటే వాళ్ళ నాన్న ఒప్పుకునేవాడేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మా ఫోటోగ్రాఫర్ల సంఘాలు కూడా ప్రతి ఆగస్టు 19న ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం అని కేక్ కోసి దండలు వేసుకుంటున్నాం కదా, ఈసారి ఆ మీటింగ్‌లో మైనర్ పెళ్ళి ఆర్డర్ ఎవరమూ తీసుకోమని తీర్మానం చేద్దాం. మా మండలంలో ఆ మాట లేవనెత్తేది నేనే.

సంపాదకుడు గారూ, ఈ లేఖ వేస్తే నా పేరు, ఊరి పేరు వేయకండి. ఈ నెల్లో ఇంకా నాలుగు పెళ్ళిళ్ళున్నాయి, అందులో ఒకళ్ళు మెమో రేపు తెస్తాం ఎల్లుండి తెస్తాం అంటున్నారు, ఇంకా తేలేదు.

ఇట్లు,
ఒక ఫోటోగ్రాఫర్,
పల్నాడు జిల్లా