అడ్వాన్సు సంగతి తర్వాత, ముందు ఎవరైనా మనిషి మాట్లాడండి

హైదరాబాద్‌లో విద్యార్థులకు గదులు అద్దెకిచ్చే మీ కంపెనీ యాజమాన్యానికి,

విషయం: కేపీహెచ్‌బీలోని మీ గది ఖాళీ చేశాక అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోవడం, అసలు నాకు జవాబే ఇవ్వకపోవడం గురించి.

అయ్యా / అమ్మా,

ఈ ఉత్తరం ఎవరికి రాస్తున్నానో నాకే తెలియదు. పేరు చెప్పి మాట్లాడిన మనిషి మీ కంపెనీలో ఇంతవరకు నాకు తగల్లేదు. అందుకే యాజమాన్యం అని రాశాను. తెలుగులో ఎందుకంటారా? ఇంగ్లీషులో పెట్టిన మెయిళ్లకు దిక్కు లేదు, తెలుగులో రాస్తే పోయేదేముంది?

గది గురించి నేనేమీ ఫిర్యాదు చేయడం లేదు. లిఫ్ట్ ఆగిపోయినా, వేసవిలో ట్యాంకర్ వచ్చేదాకా బకెట్లు పట్టుకుని కూర్చున్నా సర్దుకున్నాను. హైదరాబాద్‌లో అద్దెకుండే స్టూడెంట్‌కి అవన్నీ మామూలే. ఎం.టెక్ మొత్తం మీ గదిలోనే చదివాను. ఐదో తారీఖు దాటకుండా అద్దె కట్టాను. సెలవులకు ఖమ్మం వెళ్లి, గదికి తాళం వేసి ఉన్న నెలల్లో కూడా పూర్తి అద్దే కట్టాను. నా మాట మీద మా కాలేజీ జూనియర్లు మీ బిల్డింగ్‌లోనే చేరారు. అప్పుడు మీరు 'మా కుటుంబ సభ్యుడికి ధన్యవాదాలు' అని మెసేజ్ కూడా పెట్టారు. కుటుంబ సభ్యుడు ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు ఎలా సాగనంపుతారో ఇప్పుడు చూశాను.

వైవా అయిపోయింది, ఇక ఊరికి వెళ్లిపోదామనుకుని అగ్రిమెంట్‌లో రాసినట్టే నెల ముందు నోటీసు ఇచ్చాను. నోటీసు యాప్‌లోనే ఇవ్వాలని నిబంధన పెట్టింది మీరే. 'గది ఖాళీ చేస్తున్నాను' అనే బటన్ నొక్కాను. మీ అభ్యర్థన అందింది అని వచ్చింది. టికెట్ నంబర్ వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. రెండు రోజుల తర్వాత అదే టికెట్ మీద 'పరిష్కరించాం, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?' అని మెసేజ్. ఏం పరిష్కరించారు? నేనింకా గదిలోనే ఉన్నాను కదా? సరే, నోటీసు నమోదైందని అర్థం కాబోలు అనుకున్నాను. అలా అనుకోవడమే నా నేరమని తర్వాత మీ వాళ్లు తేల్చారు. మూసేసిన టికెట్ అంటే రద్దయిన నోటీసు అట! ఎవరు మూశారు అంటే సిస్టమ్ అన్నారు. సిస్టమ్ ఎవరిది అంటే బ్యాక్ ఎండ్ టీమ్‌ది అన్నారు. బ్యాక్ ఎండ్ టీమ్‌తో మాట్లాడించండి అంటే, వాళ్లు కస్టమర్లతో మాట్లాడరు సార్ అన్నారు. నన్ను సార్ అనడంలో మాత్రం మీ వాళ్లు ఎక్కడా లోటు చేయలేదు.

మీ కస్టమర్ కేర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే మీలో ఎవరూ ఆ నంబర్‌కి ఒక్కసారైనా ఫోన్ చేసి ఉండరని నా నమ్మకం. తెలుగు కోసం రెండు నొక్కమంటుంది. నొక్కితే 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం' అని ఒకావిడ గొంతు, దాని వెనక వీణ. ఆ వీణ మీద రాగం ఎక్కడ ఆగి మళ్లీ ఎక్కడ మొదలవుతుందో ఇప్పుడు నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. చివరికి ఎవరో ఎత్తి హిందీలో మాట్లాడతారు. నాకు హిందీ వచ్చు, అది సమస్య కాదు. మరి రెండు ఎందుకు నొక్కించారు?

ఫోన్ ఎత్తిన ప్రతి మనిషికీ కథ మొదటి నుంచి చెప్పాలి. ఒకమ్మాయి ఓపికగా అంతా విని, 'మీ బాధ నాకు పూర్తిగా అర్థమైంది సార్' అని, ఆ వెంటనే 'మీ సమస్య ఏంటి సార్?' అని అడిగింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ముందున్న కాగితం చదవడమే ఆమె ఉద్యోగం, ఆ కాగితం రాసినవాళ్ల మీదే నా కోపం. ఇంకొకాయన మాత్రం వేరే రకం. 'ఎస్కలేట్ చేశాను, ఏడు నుంచి పది పనిదినాలు' అన్నాడు. ఆ గడువు అయ్యాక చేస్తే ఇంకొకాయన ఎత్తి, అసలు ఎస్కలేట్ చేసినట్టే లేదు, ఇప్పుడు చేస్తాను, ఏడు నుంచి పది పనిదినాలు అన్నాడు. మీ దగ్గర పనిదినాలకు కొదవ లేదు, పని మాత్రం కనపడదు.

ఖాళీ చేసే రోజు గది చూసుకోవడానికి మీ మనిషి వచ్చాడు. ఆయన గురించి మంచే చెప్పాలి. స్విచ్‌లన్నీ వేసి చూశాడు, కుళాయి తిప్పాడు, బీరువా తలుపు రెండుసార్లు తీసి వేశాడు. కాగితం మీద అన్నిటికీ టిక్కులు పెట్టి, కింద సంతకం చేసి, 'అంతా ఓకే తమ్ముడూ, వారంలో పడిపోతాయి డబ్బులు' అని తాళాలు తీసుకున్నాడు. ఆ కాగితం ఫొటో నా దగ్గర ఉంది. ఆ ఫొటో పంపితే మీ చాట్‌లో వచ్చిన జవాబు: 'ఆ ఉద్యోగి ప్రస్తుతం మా సంస్థలో లేరు.' అంటే ఆయన ఉద్యోగం మానేస్తే ఆయన పెట్టిన టిక్కులు కూడా చెరిగిపోతాయన్నమాట!

ఆ తర్వాత లెక్కల కాగితం వచ్చింది, అదీ జవాబు ఇవ్వడానికి వీల్లేని మెయిల్ నుంచి. నా అడ్వాన్సు 19,000 రూపాయలు, రెండు నెలల అద్దె. అందులో పెయింటింగ్‌కి 4,500, డీప్ క్లీనింగ్‌కి 1,800, గోడ డ్యామేజీకి 3,000, నోటీసు ఇవ్వనందుకు ఒక నెల అద్దె 9,500. పోను నాకు రావాల్సింది రెండు వందలు. ఈ ఉత్తరం రాసే సమయానికి ఆ రెండు వందలు కూడా రాలేదు. బహుశా పనిదినాలు పూర్తి కాలేదేమో.

గోడ డ్యామేజీ అన్నారు కాబట్టి ఆ గోడ గురించి ఒక మాట. మంచం తల వైపు, కిటికీకి ఎడమ పక్క, పై అంతస్తు బాత్‌రూమ్ నీళ్లు దిగి చెమ్మ పట్టిన గోడ అది. మొదటి వానాకాలంలోనే కంప్లయింట్ పెట్టాను. ఒకతను వచ్చి, చెమ్మ ఆరకముందే పైన తెల్ల రంగు కొట్టి వెళ్లాడు. దసరాకి రంగు బుడగలు కట్టింది, సంక్రాంతికి పెచ్చులుగా నా దుప్పటి మీద రాలింది. నా పుస్తకాలు ఆ పక్క నుంచి ఈ పక్కకు మార్చుకున్నది నేను. ఇప్పుడు ఆ గోడ పాడు చేసింది కూడా నేనేనట.

నేను చదివింది ఇంజనీరింగ్, లా కాదు. కానీ మీ పుణ్యమా అని ఈ మధ్య కొంత చట్టం కూడా చదివాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం అద్దెకున్నవాడు ఇల్లు తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి, అయితే మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు మినహాయింపు ఉంది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోనైతే గోడలకు సున్నం, తలుపులకు కిటికీలకు రంగు యజమాని బాధ్యత అని విడిగా పట్టికే వేశారు. ఇంటిని స్వాధీనం చేసుకునేటప్పుడే, న్యాయంగా పట్టుకోవాల్సింది పట్టుకుని, మిగతా అడ్వాన్సు ఇచ్చేయాలనీ అందులో ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తెచ్చుకుంటేనే అమలవుతుంది, ఆ సంగతి నాకూ తెలుసు, మీ లాయర్ గారు శ్రమపడి చెప్పనక్కర్లేదు. న్యాయం ఏ వైపు ఉందో తెలియడానికి అది చాలు.

ఫోన్లతో పని కాదని మాదాపూర్‌లో మీ ఆఫీసుకు వచ్చాను. అక్కడ జరిగింది మీకు తెలియాలి. లోపలికి రాగానే ఒకావిడ ఎదురొచ్చి చక్కగా నవ్వి సోఫాలో కూర్చోబెట్టారు. ఏ ఏరియాలో కావాలి, సింగిలా షేరింగా అని అడిగి, టీ తెమ్మని అటెండర్‌కి చెప్పారు. నేను కొత్తగా చేరడానికి రాలేదు, ఖాళీ చేశాను, అడ్వాన్సు కోసం వచ్చాను అన్నాను. ఆ నవ్వు అక్కడికక్కడే ఆరిపోయింది. 'ఇది సేల్స్ ఆఫీసు సార్, ఇక్కడ ఆ డిపార్ట్‌మెంట్ కూర్చోదు' అన్నారు. ఎక్కడ కూర్చుంటుంది అంటే, యాప్‌లో టికెట్ పెట్టండి అన్నారు. టీ తీసుకురావద్దని ఎవరూ చెప్పలేదు, నా ముందు ఎవరూ సైగ కూడా చేయలేదు. అయినా ఆ టీ రాలేదు. నా వెనకే వచ్చిన కుర్రాడికి వచ్చింది. వాళ్ల నాన్న కూడా వెంట ఉన్నాడు, ఏదో ఊరి నుంచి పొద్దున్నే బస్సు దిగినట్టున్నారు, కాళ్ల దగ్గర బ్యాగులున్నాయి. ఆ పెద్దాయనకి నా సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆ రోజు మీ పరువు కాపాడాను. ఇక ఆ పని చేయను.

ఇంతటితో అయిందా అంటే లేదు. మీ లెక్కలో నేనింకా గది ఖాళీ చేయనే లేదు. తాళాలు మీ దగ్గరే ఉన్నాయి. మంచం, పరుపు డీసీఎం వ్యానులో ఎక్కించి పంపేశాను, నేను ఖమ్మంలో మా ఇంట్లో ఉన్నాను. కానీ ఒకటో తారీఖు రాగానే అద్దె కట్టమని మెసేజ్ వచ్చింది, ఆరో తారీఖున ఆలస్య రుసుము కలిపి మళ్లీ వచ్చింది. ఆ గదిలో ఇప్పుడు కొత్త కుర్రాడు ఉన్నాడని వాచ్‌మన్ అన్న ఫోన్‌లో చెప్పాడు. ఒకే గదికి ఇద్దరి దగ్గర అద్దె. నోటీసు అందలేదని నా దగ్గర నెల అద్దె పట్టుకున్నవాళ్లు, అందని నోటీసు మీద గదిని ఇంకొకరికి ఎలా ఇచ్చారు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి చాలు, మిగతా ఉత్తరం చదవకపోయినా పర్వాలేదు.

ఆ వాచ్‌మన్ అన్నకి మీరు యూనిఫాం కూడా సరిగ్గా ఇవ్వరు. కానీ మీ కంపెనీ మొత్తంలో నా ఫోన్ మొదటి రింగుకే ఎత్తేది ఆయనొక్కడే.

మా నాన్నది వైరా రోడ్డులో చిన్న కిరాణా కొట్టు. గాజు సీసాల కూల్‌డ్రింకులు అమ్మిన రోజుల్లో, ఖాళీ సీసా తెచ్చిన పిల్లవాడి చేతిలో దాని అడ్వాన్సు అక్కడే పెట్టేసేవాడు. దానికి ఆయన ఏ బ్యాక్ ఎండ్ టీమ్‌నీ అడగలేదు. నేను చేరిన రోజు ఈ 19,000 ఆయన ఫోన్ నుంచే వచ్చింది. మీ వాళ్లు క్యూఆర్ కోడ్ చూపించారు, ఆయన స్కాన్ చేశాడు, మీ మనిషి టేబుల్ దగ్గర నుంచి లేవకుండానే డబ్బు మీకు చేరింది. అప్పుడు ఏ పనిదినాలూ అడ్డం రాలేదు. ఇప్పుడు ఆయన రోజూ భోజనం దగ్గర 'ఏమన్నారు వాళ్లు?' అని అడుగుతుంటే నేను చెప్పే జవాబు నాకే సిగ్గుగా ఉంటుంది. అమ్మయితే పోతే పోయాయిలే, ఆ ఫోన్ పక్కన పెట్టి తిను అంటుంది. నిజమే, పోతే పోతాయి. కానీ వీడెంత, నాలుగు రోజులు అరిచి ఊరుకుంటాడు అని మీరు లెక్కేశారు చూడండి, అది మాత్రం ఊరికే పోనివ్వను.

న్యాయంగా పట్టుకోవాల్సింది ఏదైనా ఉంటే బిల్లు చూపించి పట్టుకోండి, క్లీనింగ్ 1,800 అంటే దానికీ పేచీ పెట్టను. మిగతాది మా నాన్న ఖాతాలో వేయండి. ఆ అద్దె మెసేజ్‌లు ఆపండి. వీటన్నిటికన్నా ముందు, పేరున్న, హోదా ఉన్న ఒక మనిషి నాకు ఫోన్ చేసి పొరపాటు జరిగిందని చెప్పాలి. 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం' అనే ఆ రెడీమేడ్ వాక్యం వద్దు.

పదిహేను రోజులు చూస్తాను. క్యాలెండర్ రోజులు, మీ పనిదినాలు కాదు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. నెలనెలా అద్దెతో పాటు సర్వీస్ ఛార్జీ అని వసూలు చేసింది మీరే కాబట్టి, సర్వీస్ ఎలా ఉందో అక్కడ మాట్లాడుకుందాం. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే వేయొచ్చు, ఈ మాత్రం మొత్తానికి ఫీజు కూడా లేదు, లాయర్ అక్కర్లేకుండా నా కేసు నేనే చెప్పుకోవచ్చు. నాకు ఇంకా ఉద్యోగం రాలేదు, కాబట్టి తీరిక బోలెడంత. మీరే ప్రతి వాయిదాకి ఎవరినో ఒకరిని ఖమ్మం పంపాల్సి వస్తుంది. శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో టికెట్లు ముందే చేసుకోండి, పండగల టైమ్‌లో దొరకవు.

ఇంకో విషయం. ఎం.టెక్ సీట్ల కోసం జరిగే పీజీఈసెట్ కౌన్సెలింగ్ అవగానే కొత్త బ్యాచ్ వస్తుంది, రూములు ఎక్కడ బాగుంటాయని సీనియర్లనే అడుగుతారు. ఇంతకుముందు నేను మీ పేరు చెప్పేవాణ్ణి. ఇకముందు కూడా మీ పేరే చెబుతాను, కాకపోతే ఈ ఉత్తరం కూడా జతచేసి పంపుతాను.

ఇట్లు,
మీ బిల్డింగ్ మూడో అంతస్తులో మొన్నటిదాకా ఉన్న, మీ లెక్కలో ఇంకా ఉంటున్న అద్దెదారు,
ఖమ్మం.

జతపరిచినవి: నోటీసు ఇచ్చినప్పటి స్క్రీన్‌షాట్, మీ మనిషి సంతకం చేసిన టిక్కుల కాగితం, వానాకాలంలో తీసిన గోడ ఫొటోలు, మా నాన్న బ్యాంకు ఖాతా వివరాలు. 'పరిష్కరించాం' అని మీరు పంపిన మెసేజ్‌లు ఈ మెయిల్‌లో పట్టలేదు, వేరే మెయిల్‌లో పంపుతున్నాను.