నవంబరు వార్తాలేఖ: మ్యూజియం సంగతి, మరికొన్ని

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

దీపావళి అందరికీ బాగా జరిగిందనుకుంటాను. మామూలు విషయాలు ముందే చెప్పేస్తాను. రెండో టర్మ్ ఫీజుకు ఈ నెల 20 ఆఖరి తేదీ. మెట్రో పనుల వల్ల రెండో నంబరు బస్సు పది నిమిషాలు ముందే బయల్దేరుతుంది. హాఫ్ ఇయర్లీ టైమ్‌టేబుల్ డైరీలో అతికించాం. వాన సెలవు సంగతి కలెక్టరుగారు ప్రకటించగానే మెసేజ్ పెడతాం. తెల్లవారుజామున ఐదింటికి ఫోన్ చేసి "మేడమ్, ఇవాళ లీవా?" అని దయచేసి అడగొద్దు. ఆ టైముకి నేనూ మీలాగే టీవీ ముందు కూర్చుని ఉంటాను.

ఇక అసలు విషయం. పోయిన గురువారం తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లనూ మన చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియంకి తీసుకెళ్ళాం. సెకండ్ మిడ్‌టర్మ్ పరీక్షలకు సరిగ్గా ఆరు రోజుల ముందు. ఆ రాత్రి మీ వాట్సాప్ గ్రూపులో ఏం నడిచిందో నాకు తెలుసు. నేను అందులో లేను, కానీ ఎనిమిది మంది స్క్రీన్‌షాట్లు పంపారు. "స్కూలా, టూరిస్టు ఏజెన్సీయా?" అన్నారు ఒకరు. "లెక్కల్లో ఇంకా రెండు చాప్టర్లు మిగిలున్నాయి" అన్నారు మరొకరు. "రాళ్ళు చూస్తే మార్కులొస్తాయా?" అని ఇంకొకరు, పక్కన మూడు నవ్వే బొమ్మలు.

ముందు మా తప్పు ఒప్పుకుంటాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సు యాభై నిమిషాలు ఆలస్యమైంది. పిల్లలు మూడు దాటాక అన్నం తిన్నారు. ఆ విషయంలో మీ కోపం న్యాయమే, క్షమించండి. లెక్కల సార్ శనివారం అదనంగా క్లాసు తీసుకుని ఆ రెండు చాప్టర్లూ పూర్తి చేశారు. మూడో ప్రశ్నకు సూటిగానే చెబుతాను. రావు. ఒక్క మార్కు కూడా రాదు.

అయినా ఎందుకు తీసుకెళ్ళానో చెప్పనివ్వండి. 1851లో మొదలైన ఆ మ్యూజియంలో అమరావతి గది ఒకటుంది. మన కృష్ణ ఒడ్డున ఉన్న స్తూపం తాలూకు రాళ్ళు అవి. పాలరాయి అని చాలామంది అంటారు గానీ అవి పల్నాటి సున్నపురాళ్ళు. సున్నపురాయి కావడమే వాటి కొంప ముంచింది. 18వ శతాబ్దం చివర్లో ఆ దిబ్బను తవ్వినప్పుడు దొరికిన శిల్పాల్లో కొన్ని గోడలకీ మెట్లకీ పోయాయి, కొన్ని సున్నం కోసం బట్టీలో కాలిపోయాయి. కాల్చినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఇల్లు కట్టుకోవాలి, సున్నం కావాలి, రాయి ఎదురుగా ఉంది. 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి తవ్వించి మద్రాసు పంపించిన వాటిలో చాలా భాగం తర్వాత లండన్ చేరింది. పోయినవి పోగా మిగిలిన వాటిలో కొన్ని మనకు సబర్బన్ ట్రైన్ దిగి నడిచేంత దూరంలో ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్న తెలుగువాళ్ళలో ఎంతమంది చూశారో చేతులెత్తమని మొన్నటి మీటింగులో అడిగితే నాలుగు చేతులు లేచాయి. వాటిలో ఒకటి నాది.

ఆ గదిలో నాళాగిరి ఏనుగు ఫలకం ఉంది. గుండ్రటి రాయి, సుమారు రెండో శతాబ్దానిది. బుద్ధుడి మీదికి మదపుటేనుగును వదిలిన కథ. పిల్లలకు మేం ఏమీ చెప్పలేదు. పది నిమిషాలు మాట్లాడకుండా చూడండి, తర్వాత ఏం చూశారో చెప్పండి అన్నాం. మొదటి మూడు నిమిషాలు గుసగుసలు, తోపులాటలు. తర్వాత నిజంగానే సద్దుమణిగింది. తొమ్మిది-బి నుంచి ఒక అబ్బాయి, ప్రతి ప్రోగ్రెస్ కార్డు మీదా నేను ఎర్ర ఇంకుతో ఏదో ఒకటి రాయాల్సివచ్చే అబ్బాయి, చెయ్యెత్తి, "మేడమ్, ఏనుగులు రెండు కాదు, ఒకటే. ఎడమ పక్క కోపంగా ఉంది, కుడి పక్క అదే వంగి దండం పెడుతోంది. కామిక్ పుస్తకంలా రెండు సీన్లు ఒకే బొమ్మలో పెట్టాడు" అన్నాడు. శిల్పాల గురించి చదువుకున్నవాళ్ళు పెద్ద పెద్ద పేర్లు పెట్టి చెప్పే సంగతి అది. వాడికి ఎవరూ చెప్పలేదు. చూశాడు, అంతే.

తొమ్మిది-ఎ అమ్మాయి ఒకతె ఏనుగును వదిలేసి పైన కిటికీల్లోంచి తొంగిచూసే జనం గురించి పేజీన్నర రాసింది. "వీధిలో వాళ్ళు పరిగెడుతున్నారు, మేడ మీద వాళ్ళు చూస్తున్నారు. ఇప్పుడైతే ఫోన్లో వీడియో తీసేవాళ్ళు" అని ఒక వాక్యం. ఆ పేజీ స్టాఫ్ రూములో గోడకు అంటించాను. వచ్చి చదవండి.

మా పాత విద్యార్థిని ఒకామె ఆ రోజు మాతో వచ్చింది. ప్లస్ వన్‌లో, అంటే ఇంటర్ మొదటి ఏడాదిలో, లెక్కలూ సైన్సూ ఉండే ఫస్ట్ గ్రూప్ వచ్చే మార్కులుండీ హిస్టరీ ఉన్న గ్రూపు తీసుకున్న పిల్ల. అప్పట్లో వాళ్ళ నాన్నగారు ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆమె పాత శాసనాల్లోని బ్రాహ్మీ అక్షరాలు కూడబలుక్కుని చదువుతోంది. రాళ్ళ మీద ఉన్న రాతలు చాలావరకు రాజులవి కావని, చందా ఇచ్చిన మామూలు మనుషులవని పిల్లలకు చెప్పింది. అమరావతి శాసనాల్లో విధికుడనే చర్మకారుడు, తోలు పనివాడు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో కలిసి పూర్ణకలశం చెక్కిన పలక ఒకటి సమర్పించినట్టు ఉంది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తొలి తెలుగు మాటగా గుర్తించిన "నాగబు" కూడా అమరావతి రాతి ముక్క మీదిదే. ఈ రెండూ చెప్పేసరికి గదిలో సెల్ఫీలు ఆగిపోయాయి.

పెరియమేట్‌లో తోలు బ్యాగుల షాపు ఉన్న ఇంటి అబ్బాయి ఒకడు, "రాయి మీద పేరు చెక్కించాలంటే అప్పట్లో ఎంతయ్యేది?" అని అడిగాడు. మాలో ఎవరికీ తెలియలేదు. ఇంటికెళ్ళి నాన్నకు విధికుడి గురించి చెప్పాడట. ఆదివారం షాపు తలుపు వేసి తండ్రీకొడుకులు మళ్ళీ ఎగ్మూరు వెళ్ళారు. సోమవారం ఆయన నా గదికొచ్చి, "టికెట్ తీసుకుని మొత్తం చూశాం మేడమ్, వీడే నాకు గైడు" అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోయారు. వాట్సాప్ గ్రూపులో ఆయన ఏమీ రాయలేదనుకుంటాను.

సోషల్, తెలుగు, డ్రాయింగ్, పాట అన్నింటికీ కలిపి హ్యుమానిటీస్ అనీ ఆర్ట్స్ అనీ పెద్ద పేర్లున్నాయి. మన ఇళ్ళల్లో మాత్రం అవి "మిగతా సబ్జెక్టులు". ఇంజినీరింగ్‌కి, డాక్టరీకి నేనేం వ్యతిరేకం కాదు. మా అబ్బాయి కూడా ఇంజినీరే. కానీ ఎదుట ఉన్నదాన్ని తొందరపడకుండా చూడటం, చూసింది మాటల్లో పెట్టడం, కిటికీలోంచి చూసేవాడికీ వీధిలో పరిగెత్తేవాడికీ తేడా కనిపెట్టడం పిల్లలకు ఇంకెక్కడ వస్తుంది? పరీక్షల గైడు పుస్తకం చూసి నేర్చుకునేవి కావు ఇవి. అందుకే రివిజన్ కోసం డ్రాయింగ్ పీరియడ్ ఇచ్చెయ్యమని పదో తరగతి తల్లిదండ్రులు సంతకాలు పెట్టి ఇచ్చిన కాగితం నా సొరుగులో భద్రంగా ఉంది. అక్కడే ఉంటుంది.

ఈ సందర్భంలో చిన్న మనవి, ఎవరూ అన్యథా భావించవద్దు. సైన్స్ ప్రాజెక్టులు, సోషల్ చార్టులు ఈమధ్య మరీ అందంగా వస్తున్నాయి. స్టేషనరీ షాపులో దొరికే ప్రింటు చార్టులు మేమూ చూశాం. ఐదో తరగతి పిల్లాడి తంజావూరు గోపురానికి థర్మాకోల్ కోత అంత నున్నగా రాదని మా క్రాఫ్ట్ టీచరుకు తెలుసు. మీ పనితనానికి మార్కులు వెయ్యాలంటే చెప్పండి, వేరే రిజిస్టరు పెడతాం. వంకరగా ఉన్నా సరే, పిల్లలు చేసిందే పంపండి. అలాగే పరీక్షలు వస్తున్నాయని కలర్ పెన్సిళ్ళు బీరువాలో పెట్టి తాళం వేసే ఇళ్ళు కనీసం మూడు ఉన్నట్టు పిల్లలు చెప్పారు. ఫోన్ మాత్రం బయటే ఉందట.

ఇంకొకటి. ఇంట్లో తెలుగు మాట్లాడండి. గేటు దగ్గర "కమ్ ఫాస్ట్, టేక్ యువర్ బ్యాగ్" అని పిల్లల్ని పిలిచేవాళ్ళే తెలుగులో మార్కులు తగ్గాయని నా దగ్గరికొస్తున్నారు. వచ్చే నెల ఈ ఊళ్ళో సంగీత సభలన్నీ కచేరీలతో నిండిపోతాయి. త్యాగయ్య కీర్తన లేని కచేరీ దొరకడం కష్టం. పాడేవాళ్ళలో, వినేవాళ్ళలో ఎక్కువమంది తమిళులే. మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె పక్కింటి తమిళ మామికి, ఆవిడ నలభై ఏళ్ళుగా పాడుతున్న ఒక కీర్తనకు, చరణం మాట మాటకీ అర్థం చెప్పింది. ఆవిడ డబ్బా నిండా మురుకులిచ్చి పంపారు. అందులో సగం నేను తిన్నానని ఒప్పుకోవాలి.

జోనల్ ఖోఖోలో మన అమ్మాయిలు రెండో స్థానంలో వచ్చారు, అభినందనలు. డెంగీ కాలం కదా, ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు తప్పనిసరి. గేటు ముందు బండ్లు రెండు వరసల్లో ఆపొద్దు.

జనవరిలో, పొంగల్ సెలవుల తర్వాత, ఎనిమిదో తరగతిని ఎగ్మూరులోనే కన్నెమరా లైబ్రరీకి తీసుకెళ్తున్నాం. మన దేశంలో అచ్చయ్యే పుస్తకాలు చేరాల్సిన నాలుగు లైబ్రరీల్లో అదొకటి. అక్కడున్న తెలుగు పుస్తకాల్లోంచి తలా ఒకటి ఎంచుకుని దాని గురించి అర పేజీ రాయాలి. మిడ్‌టర్మ్‌కి దూరంగానే తేదీ పెట్టాను, గమనించగలరు. బస్సు ఈసారి పన్నెండున్నరకే వెనక్కి బయల్దేరుతుంది, అన్నం స్కూల్లోనే. అనుమతి పత్రం డైరీలో పెట్టి పంపుతున్నాం. సంతకం మీరే పెట్టండి. పోయినసారి వచ్చిన వాటిలో మూడు నాన్నగారి సంతకాలు గుండ్రటి, చక్కటి తొమ్మిదో తరగతి చేతిరాతలో ఉన్నాయి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు