గాట్విక్ పేరులో గేటు లేదు, మేక ఉంది

సంపాదకులకు,

లండన్ విమానాశ్రయాల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం గాట్విక్‌ను 'గేటున్న ఊరు' అంది. అది పొరపాటు. 1241లోనే ఆ పేరు దొరుకుతోంది, చివర 'సి' లేకుండా ఒక్క 'కె'తో. పాత ఇంగ్లీషులో 'గాట్' అంటే మేక. 'విక్' లాటిన్ 'వికుస్' నుంచి వచ్చిన మాట. ఒకే పని మీద, ముఖ్యంగా పాడి మీద, నడిచే పొలానికి వాడేవారు. మేకల పొలమన్న మాట. 1891లో గుర్రప్పందేలూ, 1930లో విమానాలూ ఆ తర్వాత వచ్చినవే.

మేక 'గోట్' అయినప్పుడు ఊరు 'గోట్విక్' కావాలి కదా అనిపిస్తుంది. విడి మాటలో దీర్ఘం 'ఓ'గా మారింది. సమాసంలో ట, వ పక్కపక్కన పడడంతో ఆ మార్పు రాకముందే దీర్ఘం హ్రస్వమైపోయింది. రాయి అనే అర్థమున్న పాత 'స్టాన్' విడిగా 'స్టోన్' అయినా, స్టాంటన్ అనే ఊరి పేరులో అలాగే మిగలడానికీ ఇదే కారణం.

ఇంతకంటే ముచ్చటైనది లండన్‌లోని చిజిక్. సుమారు 1000 నాటి రూపంలో 'సి' రెండుసార్లు వస్తుంది: మొదటిది చ, రెండోది క. చదివితే 'చేస్‌వికన్', అంటే జున్ను చేసే పొలం. మనకు రెండు అక్షరాలున్నాయి కాబట్టి ఇబ్బంది లేదు, వాళ్ల రాయసకాడికి ఉన్నది ఒక్కటే. ఇంగ్లండ్ ఉత్తరాన, స్కాండినేవియా నుంచి వచ్చిన నార్స్ భాషవాళ్లు స్థిరపడినచోట ఆ చ కూడా క అయింది. సుమారు 1240లో 'కె'తో రాసిన ఆ ఊరే కెజిక్. రెండు ఊళ్లదీ ఒకే పేరు.

పొలం పేరు వెతకాలంటే ఇప్పటి పటం నుంచి వెనక్కి నడవాలి. 1836 చట్టం కింద తయారైన టైద్ (చర్చికి కట్టే పదోవంతు పన్ను) పటాలతో పాటు ఉండే పట్టిక మన అడంగల్ లాంటిదే: యజమాని, సాగుదారు, పొలం పేరు, సాగు, విస్తీర్ణం. అక్కడినుంచి మేనరు (జమీ లాంటి ఎస్టేటు) కోర్టు రికార్డు చుట్టలు, పన్ను జాబితాలు, ఆఖరున 1086 నాటి భూముల సర్వే పుస్తకం డూమ్స్‌డే. ప్రతి రూపం పక్కనా ఏడాది వేయాలి. అసలు పత్రమా, తర్వాతి నకలా అన్నదీ రాయాలి. నకలు రాసేవాడు తన కాలపు స్పెల్లింగు దూరుస్తాడు. పాత చేతిరాతలో సి, టి ఒకేలా ఉంటాయి; యు, ఎన్ కూడా అంతే. డూమ్స్‌డే గుమాస్తాలకు ఫ్రెంచి మాట్లాడే నార్మన్ల చెవి. నాటింగ్‌హామ్ అసలు పేరు ఎస్‌తో మొదలయ్యేది, డూమ్స్‌డేలోనూ అలాగే ఉంది; నార్మన్ల ప్రభావంతో ఆ ఎస్ తర్వాత పోయింది. కాకినాడను 'కొకనాడ' అని రాసుకున్నవాళ్ల స్పెల్లింగును బట్టి మన ఊరికి అర్థం చెబితే ఒప్పుకుంటామా?

సవరణ వేయండి. ఇకమీదట 'చిస్విక్', 'కెస్విక్' అని కాక చిజిక్, కెజిక్ అని అచ్చువేయండి. అక్కడివాళ్లు అలాగే పలుకుతారు.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం