సాంబారు గిన్నె ముందు కూడా ఒక చీటీ పెట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పెళ్లిళ్లు మొదలయ్యాయంటే వరంగల్, హనుమకొండ, కాజీపేట ఫంక్షన్ హాళ్లలో రోజూ ఏదో ఒక దావత్ ఉంటుంది. గిన్నెల ముందు వెజ్, నాన్‌వెజ్ అని చీటీలు పెడుతున్నారు, మంచిదే. ఏ గిన్నెలో గోధుమ ఉందో చెప్పే చీటీ మాత్రం ఎక్కడా కనిపించదు. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు అది తెలియకనే దోస్తుల పక్కన కూర్చొని తినలేక, "ఇంట్లో తినొచ్చాం" అని అబద్ధమాడి లేచిపోతున్నారు.

గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ఒక ధాన్యం, ఆవాలు కాదు) గింజల్లో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది కడుపులోకి పోతే ఈ జబ్బున్నవాళ్ల రోగనిరోధక వ్యవస్థ వాళ్ల చిన్నపేగునే దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గుతుంది, పిల్లలైతే ఎదగరు. మాత్రలతో నయమయ్యేది కాదు. బతికినన్నాళ్లూ గ్లూటెన్ ఉన్నవన్నీ మానడమే వైద్యం. 2016లో వెలువడిన ఒక సర్వేలో ఉత్తరాదిన నూటికి ఒకరికి పైగా, దక్షిణాదిన వెయ్యికి ఒకరికి ఈ జబ్బు కనిపించింది. మన దిక్కు తక్కువ కాబట్టే వంట మేస్త్రీలు, హోటల్ వాళ్లు దీని పేరు వినలేదు. అందుకు వాళ్లను తప్పుపట్టలేం.

"ఒక్క ముక్క తింటే ఏమైతది" అని ప్రేమతో బలవంతం చేసేవాళ్లకు ఒక లెక్క చెప్పాలి. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు పోయినా పేగు దెబ్బతింటుందని పరిశోధనలో తేలింది. గోధుమ పిండిలో దాదాపు పదో వంతు గ్లూటెనే. అంటే రోజుకు అర గ్రాము పిండి చాలు. చపాతీ ఒత్తేటప్పుడు పీట మీద చల్లే పిండి అంతకంటే ఎక్కువే ఉంటుంది.

నిజానికి మన తిండి ఈ జబ్బుకు బాగా అనుకూలమైనది. బగారా అన్నం, మటన్ కూర, పచ్చిపులుసు, సర్వపిండి, సకినాలు, గారెలు, జొన్న రొట్టె, వీటిలో దేనికీ గోధుమ అక్కర్లేదు. వంటింట్లో మనం పట్టించుకోని చిన్న చిన్న చోట్ల నుంచే అది వచ్చి పడుతుంది.

అన్నింటికంటే ముందు ఇంగువ. డబ్బా వెనక సన్న అక్షరాలు చదవండి. జిగురుతో పాటు గోధుమ పిండో, మైదానో ఉంటుంది. అసలు ఇంగువ ఘాటైన బంక కాబట్టి పొడి చేయడానికి పిండి కలుపుతారు. సాంబారు, పులిహోర, దద్దోజనం, మామిడికాయ తొక్కు, చట్నీ మీద పోపు, అన్నింటిలోకీ అలాగే చేరుతుంది. బియ్యప్పిండితో చేసిన ఇంగువా దొరుకుతుంది. లేదంటే నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి వేస్తే సరిపోతుంది.

రెండోది నూనె. మిర్చీ బజ్జీకి శనగపిండే అయినా, మైసూర్ బజ్జీ, సమోసా, పూరీ వేగిన బాండీలోనే దాన్నీ వేస్తే లాభం లేదు. నూనె ఎంత మరిగినా గ్లూటెన్ చావదు, అది క్రిమి కాదు కదా. దమ్ బిర్యానీది మరో తంటా. హండీ మూత చుట్టూ పెట్టిన గోధుమ పిండి ముద్ద ఆవిరికి గట్టిపడి, మూత లేపేటప్పుడు పెచ్చులుగా పై అన్నంలో రాలుతుంది. తడిగుడ్డ చుట్టి పైన బరువు పెట్టినా దమ్ బాగానే పడుతుంది. చిల్లీ చికెన్, మంచూరియాల్లో మైదా లేకపోయినా సోయా సాస్ ఉంటుంది, మామూలుగా ఆ సాస్‌ను గోధుమ కలిపే పులియబెడతారు. మిఠాయిల్లో గులాబ్ జామ్, డబల్ కా మీఠా వద్దు, ఖుబానీ కా మీఠా పర్వాలేదు. బీరు బార్లీతో చేసేది. దోస్తులు కల్లుకు పోతే తాటికల్లులో, ఈతకల్లులో గోధుమ ఊసే లేదు, పక్కన ఉడికించిన గుడాలు తినొచ్చు.

మాటల దగ్గరా పొరపాటు జరుగుతుంది. "గ్లూటెన్ పడదు" అంటే ఎవరికీ అర్థం కాదు. "గోధుమ పడదు" అంటే చపాతీ ఒక్కటే మానిపిస్తారు. మైదా, ఉప్మా రవ్వ, సేమియా, బ్రెడ్డు, బిస్కెట్టు అని పేరు పేరునా చెప్పాలి. ఇడ్లీ రవ్వ బియ్యందే, ఉప్మా రవ్వ గోధుమది. రెండూ రవ్వే అనుకొని వండేవాళ్లు తడబడతారు. హోటల్లో మూడు అడగండి: పిండి ఏది, నూనె ఏది, పెనం ఏది. రవ్వ దోశ పోసిన పెనం మీదే సాదా దోశ పోస్తారు కాబట్టి దోశ కంటే ఇడ్లీ నయం, అదీ సాంబారు లేకుండా. సాయంత్రం జొన్న రొట్టెల బండ్ల దగ్గర అదే పీట మీద పుల్కాలూ చేస్తున్నారేమో చూసుకోండి. రొట్టె పగలకుండా కొందరు గోధుమ పిండి కలుపుతారు, అదీ అడగాలి.

గిర్ని గురించి విడిగా చెప్పాలి. గోధుమలు పట్టిన రాళ్ల మధ్యే జొన్నలు పోస్తే మొదట వచ్చే పిండిలో పాత పిండి కలిసే ఉంటుంది. గోధుమలకు వేరే మిషన్ ఉన్న గిర్నిని వెతుక్కోవాలి. అది లేకపోతే ఇంట్లో మిక్సీలో పట్టి, గోధుమ పిండి ఎరగని జల్లెడతో జల్లించుకోవాలి. వారంలో ఒక పొద్దున, మిషన్ బాగా దులిపి, బియ్యం, జొన్నలు, రాగులే పడతామని గిర్ని వాళ్లు ముందుకొస్తే చాలా ఇళ్లకు మేలు.

ప్రయాణాల్లో రామప్ప, లక్నవరం, బొగత దిక్కు పోయేవాళ్లు దారిలో దొరుకుతుందిలే అనుకోవద్దు. రెండు రోజులకు మనిషికి పావుకిలో అటుకులు, పావుకిలో వేయించిన పల్లీలు, కొంత బెల్లం, ఎండబెట్టిన జొన్న రొట్టెలు, ఒక డబ్బా సకినాలు సర్దుకోండి. పెరుగు ఎక్కడైనా దొరుకుతుంది. కాజీపేట జంక్షన్‌లో రైలు ఆగితే పెంకు తీయని ఉడికిన గుడ్డు, అరటిపండు కొనుక్కోవచ్చు. బ్రెడ్డు కాల్చిన పెనం మీద వేసిన ఆమ్లెట్ వద్దు. గుళ్లలో చక్కెర పొంగలి తీసుకోవచ్చు, రవ్వ కేసరి వద్దు, పులిహోరలో ఇంగువ వేశారా అని అడగాలి. మేడారం జాతర ఈ లెక్కన అన్నింటికంటే సుఖం: ఎవరి పొయ్యి వాళ్లది, ఎవరి కోడికూర వాళ్లది, అమ్మవార్ల బంగారం బెల్లమే.

పిలిచినవాళ్లు పెద్దగా కష్టపడక్కర్లేదు. వడ్డన మొదలు కాకముందే, గరిటెలు కలవకముందే, ఒక ప్లేటులో బగారా, కూర తీసి మూత పెట్టండి చాలు.

ఒక మనవి డాక్టర్ దగ్గరికి పోయేవాళ్లకు. అనుమానం రాగానే గోధుమ మానేయొద్దు. రక్తపరీక్ష, ఎండోస్కోపీ అయ్యేదాకా తింటూనే ఉండాలి. ముందే మానేస్తే పరీక్షలో జబ్బు దొరక్కుండా పోవచ్చు.

ప్యాకెట్‌లో గోధుమ ఉంటే దాని మీద రాయాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) నిబంధన ఉంది. గ్లూటెన్ ఫ్రీ అని అమ్మాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. పది, అంతకు మించి శాఖలున్న హోటళ్లు మెనూలోనూ ఇలాంటి వివరం ఇవ్వాలి. మన ఊరి టిఫిన్ సెంటర్, క్యాటరింగ్ వాళ్లు ఆ లెక్కలోకి రారు. అందుకే ఆహార భద్రతా అధికారులను, గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌ను అడుగుతున్నాం. క్యాటరర్లు, ఫంక్షన్ హాళ్ల వాళ్లు లైసెన్సు పనుల మీద వచ్చినప్పుడు తెలుగులో ఒక కాగితం చేతిలో పెట్టండి. ఇంగువ, రవ్వ, నూనె, మూతకు పెట్టే పిండి, ఈ నాలుగూ అందులో ఉంటే చాలు. గిన్నె ముందు "గోధుమ ఉంది", "గోధుమ లేదు" అని చీటీ పెట్టమనండి. ఏదీ తేల్చుకోలేకపోతే "ఉంది" అనే రాయమనండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హనుమకొండ