గనుల లెక్కలో నుసి ఏదీ?

సంపాదకులకు,

అయ్యా,

సముద్రం లోతుల్ని శోధించే మన ప్రభుత్వ పథకం డీప్ ఓషన్ మిషన్ మీద వార్త వచ్చిన ప్రతిసారీ కత్తిరించి దాచుకునే అలవాటు నాది. మత్స్య 6000 అనే లోతు సముద్రపు వాహనంలో ముగ్గురు మనుషులు ఆరు కిలోమీటర్ల లోతుకు దిగబోతున్నారని, 2025 ఆగస్టులో మనవాళ్లిద్దరు ఫ్రాన్స్ వాళ్ల అలాంటి వాహనమే, నాటీల్ ఎక్కి అట్లాంటిక్‌లో ఐదు వేల మీటర్ల దాకా వెళ్లొచ్చారని చదివి సంబరపడ్డాను. అయితే ఏ వార్త చూసినా చివరికి ఒకే చోట తేలుతోంది. హిందూ మహాసముద్రం మధ్యలో మన దేశానికి కేటాయించిన 75 వేల చదరపు కిలోమీటర్లలో 38 కోట్ల టన్నుల ఖనిజపు ముద్దలున్నాయట. రాగి, నికెల్, కోబాల్ట్, మాంగనీస్. వెళ్లి ఏరుకోవడమే తరువాయి అన్నట్టు రాస్తారు. అక్కడ బతికే జీవులు ఏం తింటాయన్నది మాత్రం ఏ వార్తలోనూ కనబడలేదు.

నేను జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. సముద్రం అడుగుకు తిండి ఎలా చేరుతుందో చెప్పే పాఠం వచ్చే వారం ముందు భీమిలి ఒడ్డున ఒక గాజు సీసా నిండా సముద్రపు నీళ్లు పట్టుకొచ్చి క్లాసులో కిటికీ గూట్లో పెట్టేవాణ్ణి. మొదటి రోజు చూస్తే నీళ్లే. నాలుగో రోజుకు అడుగున లేత గోధుమరంగులో మెత్తటి నూగు పేరుకునేది. సీసాను కొంచెం తిప్పితే ఆ నూగు పోగులు పోగులుగా లేచి, మళ్లీ తాపీగా దిగేది. "సార్, పాలు విరిగినట్టుంది" అని ఏటా ఎవరో ఒకరు అనేవారు. అంతకంటే మంచి పోలిక నాకూ తట్టలేదు.

నడిసముద్రంలో రాత్రీ పగలూ జరుగుతున్నదీ అదే. పైనీళ్లలో ఎండ తగిలి పెరిగిన సూక్ష్మమైన మొక్కలు చచ్చి, వాటిని తిన్న చిన్న ప్రాణుల రెట్ట, అవి విడిచేసిన జిగురు గూళ్లు, గాలి మోసుకొచ్చిన దుమ్ము అన్నీ అతుక్కుని తునకలై కిందికి రాలుతుంటాయి. రోజుకు కొన్ని పదుల మీటర్ల నుంచి కొన్ని వందల మీటర్లు దిగుతాయి. అడుగు చేరేసరికి వారాలు పడుతుంది. దారిలో బ్యాక్టీరియా దగ్గర్నుంచి రొయ్యల దాకా అందరూ ఒక చెయ్యి వేస్తారు. పైన వంద రూపాయల వంట జరిగితే నాలుగైదు కిలోమీటర్ల కిందికి చేరేది సుమారు ఒక్క రూపాయి. వెలుతురు పొడ లేని ఆ చోట దాదాపు అందరి తిండీ ఆ రూపాయి మీదే. గాలిలోంచి సముద్రం పీల్చుకున్న కార్బన్‌లో కొంత అడుగుకు చేరేది కూడా ఈ దారినే.

ఇంగ్లీషులో దీన్ని మెరైన్ స్నో అంటారు. మన పుస్తకాల్లో "సముద్రపు మంచు" అని రాస్తే పిల్లలు ధ్రువాల దగ్గర తేలే మంచుగడ్డలు అనుకుంటారు. మనకు మంచంటే లంబసింగి, తెల్లారగట్ల కమ్మే పొగమంచు. పుచ్చిన దూలం నుంచి రాలేదాన్ని నుసి అంటాం కదా, నాకైతే "సముద్రపు నుసి" అనడమే బాగుంది. పండితులు కోప్పడితే కోప్పడనీ.

ఇది బంగాళాఖాతంలో ఎవరూ చూడని సంగతి కూడా కాదు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీ హాంబర్గ్ యూనివర్సిటీ కలిసి 1987 నుంచి ఇక్కడ లోతుల్లో పెద్ద గరాటులు వేలాడదీశాయి. గరాటు కింద వరసగా కప్పులుంటాయి. గడువు తీరగానే ఒక కప్పు జరిగి ఇంకోటి వస్తుంది. ఏ రోజుల్లో ఎంత నుసి రాలిందో అలా తెలుస్తుంది. నదులు తెచ్చే బంకమట్టి నుసికి అంటుకుని దాన్ని బరువెక్కిస్తుందని, అది ఇంకా త్వరగా దిగుతుందని ఆ కప్పుల వల్లే తేలింది. అంటే గోదావరి ఎర్రనీళ్లకూ సముద్రం అడుగున ఉన్న ప్రాణికీ లంకె ఉందన్నమాట.

ఇప్పుడు గనుల మాట. ఆ ముద్దలు పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతాయి. కొన్నిటిని కోసి చూస్తే మధ్యలో సొరచేప పన్ను ఉంటుంది. వాటిని యంత్రంతో ఏరాలంటే అడుగు బురదను కెలకాలి. ముద్దల్ని ఓడ మీదికి తోడాక మిగిలిన బురద నీళ్లను పైపుతో మళ్లీ సముద్రంలోకే వదలాలి. ఎంత లోతున వదులుతారన్నదే నా టెన్షన్. పైకీ అడుక్కీ మధ్య లోతులో వదిలితే, తునకలు ఏరుకుని తినే చిన్న ప్రాణుల నోట్లోకి తిండితో పాటు మట్టీ పోతుంది. మన అన్నంలో గుప్పెడు ఇసుక కలిపినట్టే. వాటిని తినే చేపలు, ఆ చేపల్ని తినే ట్యూనా అదే వరసలో ఉన్నాయి.

ఇలా కెలికితే ఏమవుతుందో చూడ్డానికి 1997లో మన శాస్త్రవేత్తలే హిందూ మహాసముద్రం మధ్యలో అడుగున మూడు కిలోమీటర్ల పొడవు, రెండు వందల మీటర్ల వెడల్పు పట్టీని కావాలని కెలికి, తర్వాత ఏళ్ల తరబడి గమనించారు. పెరూకు ఎదురుగా సముద్రం అడుగున 1989లో జర్మన్లు ఇలాగే ప్రయోగానికి దున్నిన చాళ్లు 2015లో వెళ్లి చూస్తే ఇంకా అలాగే ఉన్నాయి.

గనులే వద్దని నేను అనడం లేదు. బ్యాటరీలకు ఈ లోహాలు కావాలి, నేను నడిపే స్కూటరూ బ్యాటరీదే. నేను అడిగేది ఒకటే. గని మొదలుపెట్టక ముందే అక్కడ ఏడాది పొడవునా నుసి ఎంత రాలుతోందో కొలిచిన లెక్కలు, బురద నీళ్లు ఎంత లోతున వదలాలనుకుంటున్నారో ఆ వివరం జనం ముందు పెట్టాలి. మనవాళ్లకు అర్థమయ్యే భాషలో పెట్టాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ చేపలు దొరికే చోట్ల సమాచారాన్ని వేటకెళ్లేవాళ్లకు తెలుగులో ఇస్తోంది. ఆ పని చేయగలిగిన ప్రభుత్వానికి ఇది కష్టమేం కాదు. 1950ల్లోనే ఆంధ్ర యూనివర్సిటీ వాళ్లు నేవీ ఓడలెక్కి బంగాళాఖాతాన్ని కొలిచారు. విశాఖకు ఎదురుగా సముద్రం అడుగున ఉన్న లోయల్లో ఒకదానికి ఆంధ్ర అనే పేరు. ఈ సముద్రం సంగతులు మనకు చెబితే అర్థం కావనడానికి లేదు.

1997 ప్రయోగం వివరాలు సైన్సు పత్రికల్లో ఇంగ్లీషులో ఉన్నాయి. మీ ఆదివారం సంచికలో వాటికి ఒక పేజీ ఇవ్వగలిగితే తెలుగు చేసి పంపుతాను. బొమ్మలు కూడా నేనే గీస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
భీమునిపట్నం