బ్రెజిల్‌లోని శాంటోస్ రేవు నుంచి

చిన్నీ,

నువ్వు పంపిన వీడియో చూశాను. భూమి అయస్కాంత కవచానికి చిల్లు పడిందట, ధ్రువాలు తారుమారవుతాయట, ఒకటే గోల! వాళ్లు చెప్పే ఆ చిల్లు కిందే మా ఓడ లంగరేసి ఉంది. దీన్ని దక్షిణ అట్లాంటిక్ అనామలీ అంటారు, అంటే భూమి అయస్కాంత క్షేత్రం మామూలు కన్నా బలహీనంగా ఉన్న చోటు. దక్షిణ అమెరికా నుంచి ఆఫ్రికా దక్షిణ కొస వైపు పరుచుకుంది. ఇక్కడ క్షేత్రం బలం 22-23 వేల నానోటెస్లాలు (అయస్కాంత బలాన్ని కొలిచే కొలమానం), అంటే విశాఖలో ఉండేదాంట్లో దాదాపు సగం. బలం తక్కువన్నది నిజమే. చిల్లు మాత్రం లేదు.

మా దిక్సూచి బాగానే పనిచేస్తోంది. కాకపోతే సూది అసలు ఉత్తరానికి 20 డిగ్రీలకు పైగా పడమర వైపు చూపిస్తుంది. విశాఖలో ఆ తేడా ఒక డిగ్రీ అటూఇటూ. చార్టు మీద దిక్కుల చక్రం మధ్యలో ఆ తేడా ఎంతో, ఏ సంవత్సరపు లెక్కో, ఏటా ఎన్ని నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతులు) మారుతుందో సన్నటి అక్షరాల్లో ఉంటుంది. ఏటి మార్పు కలపకుండా లెక్క తెచ్చిన కేడెట్‌కి చీవాట్లు ఖాయం. క్షేత్రం మారుతుందన్నది నావికులకు ఎప్పుడూ వింత కాదు.

ఇబ్బంది ఉపగ్రహాలకే. ఈ చోట రేడియేషన్ కణాలు మరీ కిందికి దిగుతాయి. అందుకే ఇటుగా వెళ్లేటప్పుడు హబుల్ టెలిస్కోప్ పరిశీలనలు ఆపేస్తుంది. నేల మీదున్న మనకు వాతావరణం అడ్డం ఉంది.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి. ఆఫ్రికాలో లింపోపో లోయలో పాతకాలపు రైతులు కరువొస్తే శుద్ధి కోసమని గుడిసెలు, ధాన్యం గాదెలు తగలబెట్టేవారు. బాగా కాలిన మట్టి చల్లారేటప్పుడు, అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి క్షేత్రాన్ని అలాగే పట్టి ఉంచుతాయి. ఆ మట్టిని కొలిస్తే, 13 నుంచి 16వ శతాబ్దం మధ్య కూడా అక్కడ బలం తగ్గిందని తేలింది. 5, 8 శతాబ్దాల్లోనూ మార్పుల జాడలున్నాయి. ఆఫ్రికా అడుగున, 2900 కిలోమీటర్ల లోతులో, ద్రవ ఇనుము ప్రవాహాన్ని చెదరగొట్టే చోటొకటి ఉందని, అదే పదేపదే ఇలా చేస్తోందని శాస్త్రవేత్తల అనుమానం.

నేను బతికుండగానే ధ్రువాలు తిరగబడతాయా అని అడిగావు కదా. చివరిసారి అలా జరిగి దాదాపు 7 లక్షల 80 వేల ఏళ్లయింది. ఒకవేళ ఇవాళే మొదలైనా, పూర్తి కావడానికి వేల ఏళ్లు పడుతుంది. నువ్వు టెన్షన్ పడాల్సింది సోమవారం నాటి లెక్కల పరీక్ష గురించి.

మీ నాన్న